మొదటి రాయి

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను.

అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ మీద రాతిని తొలిచి చేసిన పాత బౌద్ధ గుహలున్నాయి. కనుమ నాడు జనం కొండెక్కి, అక్కడ బొజ్జలా ఉన్న రాయిని రాక్షసుడనుకుని రాళ్లతో కొట్టేవారు. మొదటి రాయి విసిరేది మా ఇంటివాళ్లే. భూములు పోయాయి, మేడ పోయింది, ఆ రాయి మాత్రం మిగిలింది. అందుకే నడుం వంచకుండా కొండెక్కేవాణ్ణి.

ఆ ఏడు పురావస్తు శాఖ పెట్టిన కొత్త కాపలాదారు సన్నిబాబు అడ్డొచ్చాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసినవాడు.

“రాళ్లు ఇసరకూడదంట బాబూ. బోర్డు ఎట్టేరు, సూడండి.”

“మొదటి రాయి ఎవరిదో మీ నాన్ననడుగు.”

“అడగడమేటి బాబూ, ఆ రాళ్లు ఏరి మీ సేతికిచ్చింది మా అయ్యే కదా. ఇసిరితే నా ఉజ్జోగం పోతాది. మీకేటి పోతాది?”

నవ్వాడు. వెనక ఇంకెవరో కూడా నవ్వారు. రాయి విసరకుండానే దిగొచ్చాను. మీకేటి పోతాది అంటే, పోవడానికి ఏమీ మిగల్లేదనా? కావాలనే అన్నాడా? మూడు రోజులు ఆ నవ్వునే తిరగేశాను. ఆ బోర్డు కూడా నా కోసమే పెట్టించాడనిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, వాడు అన్నానికి దిగిన వేళ చూసి వెళ్లాను. విసిరాను. గురి తప్పింది. గుహ గుమ్మం పక్కన చెక్కిన చిన్న బుద్ధుడి మోకాలి అంచు విరిగింది. ముక్క జేబులో వేసుకున్నాను.

విచారణకు వచ్చిన అధికారి, పెద్దమనిషినని నన్నే అడిగాడు. పిల్లలు రాళ్లు విసురుతుంటే సన్నిబాబు చూస్తూ ఊరుకున్నాడని చెప్పాను. నమ్మాడు. వాడి ఉద్యోగం పోయింది. వాడి ప్రతి మాటలో ఎగతాళిని వెతికిన నేను, నా నోట వచ్చిన అబద్ధాన్ని మాత్రం, ఎలాగూ ఆ మధ్యాహ్నం వాడు కాపలాలో లేకపోవడం నిజమే కదా అన్న సగం నిజంతో కప్పి, న్యాయమే చేశానని చాలాకాలం చెప్పుకున్నాను.

ఇప్పుడు వాడు కశింకోట వెళ్లే షేర్ ఆటో నడుపుతున్నాడు. నేనెక్కితే ఎవరినో ఒకరిని జరిపి, “బాబుకి సోటివ్వండి” అంటాడు. మర్యాదా? తెలిసే అంటున్నాడా? అద్దంలో వాడి కళ్లు నా జేబు వైపే చూస్తున్నట్టుంటాయి. తెలిస్తే ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నాడు? అడగలేను.

రాయి విసిరింది నేను. ముక్క నా బీరువాలో, తాతగారి తలపాగా కింద ఉంది. ఈ మాట వాడి ముందు అనగలనో లేదో తెలియదు.

మా ఇంట్లో కుర్చీకి వీపు ఆనించి కూర్చునే అలవాటు ఎవరికీ లేదు; నిటారుగా కూర్చోవడమే మా దర్జా. ఇంతవరకు రాసి, ఇప్పుడే ఆనించాను.