చెయ్యి ఊపితే లేచిన దిబ్బ

ముప్ఫై నాలుగేళ్లలో సర్బినీ పదకొండు గోల్ఫ్ మైదానాలకు రూపం ఇచ్చాడు. సింగపూర్‌లో అయిదు, మిగతావి సముద్రం అవతలి పొరుగు దేశాల్లో, జోహోర్‌లోనూ బాతామ్‌లోనూ. ఏ మైదానం ముందరి రాతిపలక మీదా అతని పేరు లేదు. ఉండాలని అతనూ అనుకోలేదు. పలక మీద ఉండేది డిజైనర్ పేరు. ఆ డిజైనర్ ఎక్కడో చల్లటి దేశంలో కూర్చుని కాగితం మీద గీతలు గీస్తాడు, ఏడాదికి నాలుగుసార్లు విమానం దిగి చూసి పోతాడు. ఆ గీతల్ని బుల్‌డోజర్‌తో నేల మీదికి దించేది సర్బినీ లాంటివాళ్లు. మట్టి ఎంత ఎత్తులో ఆగాలో, బంతి ఎటు దొర్లాలో, వాన నీళ్లు ఎటు పోవాలో చూసుకునేది వాళ్లే. బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చికను గ్రీన్ అంటారు. దాని మట్టి సర్దడం అయిపోగానే సర్బినీ బూట్లు విప్పి మేజోళ్లతో దాని మీద అటూ ఇటూ నడిచేవాడు. వాలు సరిగ్గా కుదిరిందో లేదో అతనికి అరికాళ్లు చెప్పేవి.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. కాగితం మీది గీతే ఆఖరు కాదు. డిజైనర్ వచ్చి మైదానంలో నిలబడి అరచెయ్యి పైకి ఎత్తితే మట్టి పెంచాలి, కిందికి నొక్కితే తగ్గించాలి. యంత్రం మీదున్నవాడు ఆ చేతినే చూస్తూ తోస్తాడు. ఇదంతా ఎవరూ రాసిపెట్టరు. ముప్ఫై నాలుగేళ్లలో సర్బినీకి ఇందులో తప్పేమీ కనిపించలేదు.

ఆఖరి మైదానంలో ఏడో గ్రీన్ దగ్గర కనిపించింది.

సింగపూర్‌లోని ఆ మైదానానికి డిజైనర్ లైల్ గ్రెంజర్. కాగితంలో అతను గ్రీన్‌కి ఎడమ పక్క పల్లంగా ఉంచాడు, నీళ్లు అటు దిగి కంచె పక్క కాలవలో పడేలా. కంచె అవతల రోడ్డు, రోడ్డుకి అవతల ప్రభుత్వ ఫ్లాట్ల వరస. కిటికీల్లోంచి బయటికి చాచిన వెదురు కర్రల మీద బట్టలు ఆరుతున్నాయి. ఆ ఊళ్లోనే బెడోక్ పేటలో సర్బినీ ఉండేది కూడా అలాంటి ఫ్లాట్‌లోనే.

గ్రెంజర్ నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "అవేంటవి?"

"బట్టలు సార్."

"బట్టలని నాకూ తెలుసులే. ఇక్కడికొచ్చి ఆడుకునేవాడికి ఎవరి లుంగీలో ఎందుకు కనబడాలి?" అని అరచెయ్యి ఎత్తాడు.

సర్బినీ తోశాడు. చెయ్యి ఇంకా పైకి లేచింది. మళ్లీ తోశాడు. ఒక్కో అంతస్తే మట్టి వెనక్కి పోయింది. మూడో అంతస్తు మరుగయ్యాక అతను యంత్రం ఆపాడు.

"సార్, మరి నీళ్లు?"

"నీళ్ల సంగతి నేల కింది గొట్టాలు చూసుకుంటాయి, నువ్వు తొయ్యి. పై అంతస్తులకి చెట్లు పెట్టిస్తా."

ఆ సాయంత్రం భార్య జలేహా టీ గ్లాసు చేతికిస్తూ, మొహం ఎందుకలా ఉందని అడిగింది.

"మన బట్టలు చూస్తే వాళ్లకి ఆట సాగదంట."

"అయితే మీరేం చేశారు అబాంగ్?" అంది, మలయ్ భార్యలు భర్తని పిలిచే పిలుపుతో.

"అడ్డంగా దిబ్బ పోశాను."

"ఛీ! నోరు ఇంట్లో మర్చిపోయి వెళ్లారా?"



డిసెంబరు వానలకి ఏడో గ్రీన్ గిన్నెలా నిండింది. గొట్టాలు ఆ నీళ్లని మోయలేకపోయాయి. మూడు వారాలకల్లా గడ్డి పసుపుపచ్చబడింది, వాసన మొదలైంది. క్లబ్బు మేనేజర్ క్వెక్ కబురు పెడితే సర్బినీ వెళ్లి, నేలలో గొట్టపు కత్తి దించి ఒక ముక్క పైకి తీశాడు. పైన వేలెడు ఇసుక, దాని కింద నీళ్లు నిలిచి కుళ్లిన, తారులాంటి నల్లటి పొర. కుళ్లిన గుడ్ల కంపు గుప్పున కొట్టింది. క్వెక్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

క్లబ్బు గదిలో గ్రెంజర్ అప్పటికే కూర్చుని ఐసు వేసిన నిమ్మరసం తాగుతున్నాడు. బల్ల మీద అతను గీసిన మైదానం పాత బొమ్మ పరిచి ఉంది.

"పాక్ సర్బినీ, బొమ్మలో దిబ్బ లేదు, నేల మీద ఉంది. మరి ఎవరు పోసినట్టు?" అన్నాడు క్వెక్, పెద్దవాళ్లని గౌరవంగా పిలిచే 'పాక్' చేర్చి.

"నేనే పోశాను."

"ఆ ఒక్క ముక్కే ఈ కాగితం మీద టైపు చేయించాను, సంతకం పెట్టండి చాలు. బాగుచేసే పని కూడా మీకే ఇప్పిస్తాను."

"పొయ్యమన్నదెవరో కూడా రాస్తాను."

"అదెక్కడుంది, చూపించండి?"

సర్బినీ అరచెయ్యి పైకెత్తి చూపించాడు. "ఇక్కడుంది."

"చేతిని ఫైల్లో పెట్టలేం కదా పాక్."

గ్రెంజర్ నవ్వాడు. "కొంచెం పెంచమన్నాను, గోడ కట్టమన్నానా? నా బొమ్మ చూడండి. నీళ్లకి దారి ఎంత చక్కగా వదిలానో!"

సర్బినీ నెమ్మదిగానే అన్నాడు. "గొడవెందుకు? మధ్యాహ్నానికల్లా ఆ దిబ్బ కోసేస్తాను. నీళ్లు వాటంతటవే పోతాయి."

క్వెక్ గ్రెంజర్ మొహం చూశాడు, గ్రెంజర్ గ్లాసులోకి చూసుకున్నాడు.

"అంటే... సభ్యులకి ఆ పక్క ఇప్పుడు బాగా నచ్చింది" అన్నాడు క్వెక్.

"ఓహో. దిబ్బ మీక్కావాలి, తప్పు మాత్రం నాకా?"

సర్బినీ కాగితం ముందుకి లాక్కుని, టైపు చేసిన వాక్యం కొట్టేసి, దాని కింద తన చేత్తో మలయ్‌లో రాశాడు: ఈ దిబ్బ నేనే పోశాను. గ్రెంజర్ చెయ్యి ఎత్తితే పోశాను. నీళ్లు ఆగిపోతాయని తెలిసే పోశాను. మూడో వాక్యం దగ్గర కలం చాలాసేపు ఆగింది. గ్రెంజర్ మీద ఎంత రోత పుట్టిందో, ఆ రోజు మళ్లీ యంత్రం కదిలించిన తన మీద కూడా అంతే రోత పుట్టింది. ఆ వాక్యం వదిలేస్తే తనకీ వాళ్లకీ తేడా లేదనిపించి రాసేశాడు.

క్వెక్ చదివి మడిచాడు. "ఇది మాకు పనికిరాదు పాక్."

"అయితే నాకూ మీ పని వద్దు." బుల్‌డోజర్ తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు.

క్లబ్బువాళ్లు దిబ్బ కొయ్యలేదు. గ్రీన్ పక్కన నేలలో పంపు పాతించారు. వాన పడినప్పుడల్లా అది నీళ్లు తోడి దిబ్బ మీంచి కాలవలోకి పోస్తుంది. సభ్యులకి పంచిన పత్రికలో మాత్రం ఏడో గ్రీన్ పాడైంది 'మట్టిపనివారి పొరపాటు' వల్లనని వేశారు.

ఆ పనిచేసేవాళ్ల పేరు నోటిమాట మీదే బతుకుతుంది. రెండు నెలలకి బాతామ్ నుంచి పాత కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "ఏడో గ్రీన్‌ని ముంచింది నువ్వేనటగా, పాక్?"

"నేనే. ఈసారి వస్తాను కానీ, మీ డిజైనర్ చెయ్యి ఊపినప్పుడల్లా కాగితం మీద రాసి సంతకం పెట్టాలి."

అవతల పెద్ద నవ్వు. "నీకు వయసైపోయింది పాక్. డిజైనర్‌ని సంతకం అడిగేవాణ్ణి యంత్రం ఎవరు ఎక్కనిస్తారు?"

ఎవరూ ఎక్కనివ్వలేదు. మరో ఇద్దర్ని అడిగాడు, వాళ్లదీ అదే నవ్వు.

ఇప్పుడు సర్బినీ సింగపూర్ ఉత్తరాన యిషున్‌లో వాననీటి కాలవలు తవ్వుతున్నాడు. అక్కడ జానెడు లోతు పెంచాలన్నా ఎవరు చెప్పారో కాగితం మీద ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. కాలవ తిన్నగా పోతుంది. ఎత్తు లేదు, వంపు లేదు, బూట్లు విప్పి అరికాళ్లతో చూడాల్సిన పనీ లేదు. పొద్దున్న యంత్రం ఎక్కితే సాయంత్రం దాకా చేతులు వాటంతటవే కదులుతుంటాయి, అతనికి ఆవులింతలు వస్తుంటాయి.