స్ట్రోలర్‌కు ఫిట్‌నెస్

చక్రం ఉన్న వస్తువు కంటపడితే దాన్ని తలకిందులు చేసి చూడనిదే మా మామయ్యగారికి ముద్ద దిగదు. పేరు ఏసురత్నం. ముప్ఫై నాలుగేళ్ళు ఆర్టీసీ డిపోలో పనిచేసి మెకానిక్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. డిపో ఆయన్ని వదిలింది గానీ ఆయన డిపోని వదల్లేదు. సూపర్‌మార్కెట్ ట్రాలీ కానివ్వండి, ఊరెళ్ళే సూట్‌కేసు కానివ్వండి, ముందు తిరగేస్తారు, చక్రం తిప్పుతారు, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఆ తర్వాత తీర్పు చెబుతారు: "అన్‌ఫిట్." ఇంకో తీర్పు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆయన చేతి కింద ఆ రోజుల్లో డిపో దాటి బస్సు ఎలా బయటికొచ్చిందో ఆ ప్రభువుకే తెలియాలి.

నన్ను చూసుకోడానికి గుంటూరు వచ్చిన రోజే ఈ జబ్బు బయటపడింది. మూడో ఏట జ్వరం తగిలి నా ఎడమకాలు సన్నబడిపోయింది. ఎడమచేత్తో తొడ అదిమిపట్టుకుని, నడుము ఒక పక్కకి వంచి అడుగు వేస్తాను. మా చుట్టాలందరికీ ఇది పాత సంగతే, అయినా ప్రతి ఫంక్షన్‌లోనూ కొత్తగా జాలిపడతారు. ఆ రోజు కూడా హాలునిండా చేరి, నా కాలు చూసి, చూడనట్టు ఫ్యాను చూసి, మళ్ళీ కాలు చూసి, మధ్యలో నా పెళ్ళిచూపుల జీడిపప్పే నములుతున్నారు. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం కుర్చీలో లేరు. వంటింట్లో గ్యాస్ సిలిండర్ స్టాండును ఒరగేసి పట్టుకుని మా అమ్మకి క్లాసు పీకుతున్నారు.

"చెల్లెమ్మా, గీ స్టాండు అన్‌ఫిట్. ఒక చక్రం తిరుగుతనే లేదు. గిట్ల గుంజితే నడుము పోతది."

"అమ్మాయిని చూశారా అన్నయ్యగారూ?" అంది అమ్మ భయంభయంగా.

"చూసిన, చూసిన. మంచి పిల్ల. జర నూనె ఉంటే ఇయ్యి."

పెళ్ళయి తెల్లాపూర్ ఫ్లాట్‌లో కాలుపెట్టిన మర్నాడే నేనొక చట్టం చేశాను. "ఈ ఇంట్లో నా కాలు మాట ఎవరూ ఎత్తకూడదు. జాలి వద్దు, సలహాలూ వద్దు." మా ఆయన క్రిస్టోఫర్ బుద్ధిగా తలూపాడు. మామయ్యగారు "సరే బిడ్డా, ఎత్తం" అని మాటిచ్చి, కిందికెళ్ళి వాచ్‌మన్ సైకిలు తిరగేశారు.

హైటెక్ సిటీలో మా ఆఫీసువాళ్ళు ఒకసారి ఇంటివాళ్ళని పిలిచి విందు ఇచ్చారు. మా మేనేజర్ సాయిచంద్ అందరికీ తన క్యాబిన్ చూపిస్తుంటే, మామయ్యగారు అతని కుర్చీ చూశారు. ఇంకేముంది, తిరగేసి, చక్రాల్లో చుట్టుకున్న వెంట్రుకలు లాగి, జేబులోంచి చిన్న సీసా తీసి నాలుగు చుక్కలు వేశారు. సోమవారం సాయిచంద్ దర్జాగా కూర్చోబోయాడు. కుర్చీ అతన్ని తీసుకుని నేరుగా అద్దాల గోడ దాకా వెళ్ళింది. "నీకు తిరగడం కష్టం కదా" అని తియ్యగా చెప్పి నన్ను మంచి ప్రాజెక్టులోంచి తప్పించిన మహానుభావుడతను. అయ్యో అనాలని నేనూ ప్రయత్నించాను, రాలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. కడుపుతో ఉండగా ఏడో నెలలో స్ట్రోలర్, అదే పసిబిడ్డని తోసే బండి, కొనాల్సి వచ్చేసరికి నా నవ్వు ఆగిపోయింది.

మా గేటెడ్ కమ్యూనిటీలో సాయంత్రమైతే వాకింగ్ ట్రాక్ నిండా స్ట్రోలర్లే. తల్లులు ముందు ఫోన్లో మాట్లాడుతూ నడుస్తారు, వెనక ఆయాలు బిడ్డల్ని తోస్తుంటారు. రెండు కాళ్ళూ సలక్షణంగా ఉన్నవాళ్ళ భోగం అది. నాకు మాత్రం ఒకటే కోరిక. నా బిడ్డని నేనే తోయాలి. చంకనేసుకుని నడవలేనని నాకు తెలుసు. నాతో బిడ్డ బయటి గాలి పీల్చాలంటే ఆ బండి ఒక్కటే దారి. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే వెంటనే "నీకెందుకమ్మా శ్రమ" అంటారు. పుట్టినప్పటినుంచి విన్న మాటల్లో నాకు ఒళ్ళుమండే మాట అదే. నాలుగో అంతస్తు ప్రియదర్శిని గారు అడక్కుండానే అననే అన్నారు. "నీకెందుకు శ్రమ ఎవాంజెలిన్, మంచి ఆయాని నేను చూసిపెడతాగా!"

క్రిస్టోఫర్ ఐదు మోడళ్ళు పోల్చి పెద్ద పట్టిక చేశాడు. బరువెంత, ఒంటిచేత్తో మడతపడుతుందా, విమానంలో పడుతుందా. మేమెక్కే విమానాలేవో నాకు తెలియదు. చివరికి అందరికన్నా తేలికైనది తెప్పించాం. పెట్టె విప్పీ విప్పకముందే మామయ్యగారు దాన్ని నేలమీద బోర్లించారు. చక్రాలు తిప్పారు, విన్నారు. తర్వాత నిలబెట్టి హ్యాండిల్‌కి ఒక పక్కన బియ్యం బస్తా తగిలించారు. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి.

"అన్‌ఫిట్."

"బియ్యం బస్తా ఎవరు తగిలిస్తరు డాడీ?" అన్నాడు క్రిస్టోఫర్.

"నువ్వు ఊకో. వాపసియ్యి."

రెండోదీ వెనక్కి పోయింది. మూడోది నాకు ఎంతో నచ్చింది, లేత ఆకుపచ్చది. హ్యాండిల్ పట్టుకోబోయాను. మామయ్యగారు పరుగున వచ్చి బండి లాగేసుకున్నారు.

"నువ్వు ముట్టకు బిడ్డా! నేను చెప్పేదాక నువ్వు తోసేది లేదు."

గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఇన్నాళ్ళకి ఈయన కూడా బయటపడ్డారు అనుకున్నాను. నోరెత్తి అనలేక బండ్లకి వంకలు పెడుతున్నారు. కుంటిది నా మనవణ్ణి ఎక్కడ పడేస్తుందోనని ఆయన భయం. చుట్టాలే నయం, ఎదురుగా జాలిపడతారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. నాలుగో బండి, ఐదో బండి కూడా వెనక్కి పోతుంటే నేను చూడను కూడా లేదు.

ఆపైన మామయ్యగారు రోజూ పదకొండింటికి మాయమై భోజనం వేళకి తేలడం మొదలుపెట్టారు. "ఏడికి పోతున్నరు డాడీ?" అని క్రిస్టోఫర్ అడిగితే "ఏసీల కూసోనీకె" అనేవారు. నేను ఒక నిర్ణయానికొచ్చాను. ఆయన లేనప్పుడు వెళ్ళి, నాకు నచ్చింది కొని, రసీదు చింపేసి తెస్తాను. అప్పుడెలా వాపసు చేస్తారో చూస్తాను. స్కానింగ్ అయ్యాక క్యాబ్‌ను కొండాపూర్‌లో పిల్లల సామాన్ల పెద్ద షాపుకి పోనిమ్మన్నాను.

మూడో అంతస్తులో లిఫ్టు దిగగానే మామయ్యగారు కనిపించారు. వీపు నావైపుంది. కుడిచేత్తో ఒక స్ట్రోలర్ తోస్తున్నారు. ఎడమచేత్తో తొడ అదిమిపట్టుకుని, నడుము వంచి, ఎడమకాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. అచ్చం నాలాగే. వరస చివరిదాకా వెళ్ళి, తిరిగి మళ్ళీ అలాగే వస్తున్నారు. కౌంటర్ దగ్గర ఇద్దరు సేల్స్ అమ్మాయిలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

బడిలో పిల్లలు ఇలాగే నా వెనక నడిచేవాళ్ళు. నేరుగా వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాను.

"చాలండి మామయ్యగారూ," అన్నాను. "బాగా వచ్చింది నా నడక. ఇంకెవరికన్నా చూపిస్తారా?"

ఆయన తిరిగి చూశారు. సిగ్గుపడాలా వద్దా? ముఖం చేటంత చేసుకున్నారు.

"మంచిగ వచ్చినవు బిడ్డా! ఏడ బాగ వచ్చింది? నడుము కాడ తప్పుతున్న. నీ బరువు ముందు హ్యాండిల్ మీద పడ్తదా, కాలు లేసినంక పడ్తదా? వారం సంది సమజైతలేదు. జర నడిచి చూపెట్టు."

"నన్ను వెక్కిరిస్తున్నారా?"

"వెక్కిరించుడేంది?" నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. "డ్రైవర్ ఎట్ల కూసుంటడో తెల్వకుండ బండి ఎట్ల చూస్తరు? గా కంపెనోళ్ళు అందరు రెండు చేతులతోని తోసెటోళ్ళకే చేసిన్రు. నువ్వు ఒక్క చేత్తోని తోస్తవు, అడుగడుగుకు బరువేస్తవు. అలకటి, బరువు లేని బండైతే ముందల లేస్తది. లోపట బిడ్డ ఉంటది."

"మీరు... నేను తోయకూడదని కదా..."

"నువ్వు తోయకుంటే ఎవరు తోస్తరు? తల్లివి నువ్వేనాయె."

  అడగాల్సిన మాట కోపంగానే అడిగాను. "మరి ఈ ముక్క ఇంట్లో చెప్పి చావచ్చు కదండీ! రెండు నెలలు నన్ను క్షోభపెట్టారు!"

"ఎట్ల చెప్తరు?" అన్నారు మామయ్యగారు, నాకన్నా కోపంగా. "కాలు మాట ఎవ్వరు ఎత్తొద్దని నువ్వేనాయె చెప్పింది. మాటిచ్చిన. ఎత్తలే."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. సేల్స్ అమ్మాయిలు నవ్వడం మానేసి మంచినీళ్ళు తెచ్చారు.

ఆ రోజు ఆ షాపులో గంటసేపు నడిచాను. మామయ్యగారు నేలమీద గొంతుక్కూర్చుని చక్రాలు చూస్తూ, "ఇగ మల్ల రా. ఇప్పుడు మలుపు తీస్కో" అని అరుస్తున్నారు. కొనడానికొచ్చిన జనం దారి ఇచ్చి నిలబడ్డారు. నా నడకను అంతమంది అంతసేపు చూడటం అదే మొదలు. చూస్తే చూడనీ అనుకున్నాను. అక్కడ ఎనిమిది బండ్లు అన్‌ఫిట్ అయ్యాక తొమ్మిదోది, మూలన దుమ్ముపట్టి ఉన్నది, లేవకుండా నిలిచింది. వంకాయ రంగు, ఇనప మంచమంత బరువు, హ్యాండిల్‌కి చేతిబ్రేకు.

"సార్, అది ఎవరూ తీసుకోరు," అంది సేల్స్ అమ్మాయి. "సరిగ్గా మడతపడదు. కారు డిక్కీలో పట్టదు."

"నడవనీకె కొంటున్నం బిడ్డా, మడతవెట్టనీకె కాదు."

ఇంటికి తెచ్చాక కూడా ఆయన ఊరుకోలేదు. పాప పుట్టేదాకా బాల్కనీలో దాన్ని విప్పుతూ బిగిస్తూనే ఉన్నారు. కుడిచేత్తో తోస్తాను కాబట్టి బండి ఎడమకి లాగుతుందట. దానికి విరుగుడుగా ముందు చక్రాలను కాస్త కుడికి తిప్పి బిగించారట. అదంతా నాకు తలకెక్కలేదు. పాపకి మూడో నెల రాగానే, ఒక సాయంత్రం ట్రాక్ మీదికి తీసుకెళ్ళాను. కుడిచెయ్యి హ్యాండిల్ మీద, ఎడమచెయ్యి తొడ మీద. బండి గీత గీసినట్టు వెళ్ళింది. ఆ పూట నా ముఖం ఎలా ఉందో ఆయన్నే అడగాలి. ఆయన మాత్రం బెంచీ మీద కూర్చుని చక్రాలే చూస్తున్నారు.

రెండో రౌండులో ప్రియదర్శిని గారు ఎదురొచ్చారు.

"అయ్యో ఎవాంజెలిన్, ఆయా రాలేదా? నీకెందుకమ్మా శ్రమ, ఇలా తే!" అని, నేను వద్దనేలోపే రెండు చేతులతో హ్యాండిల్ అందుకున్నారు. బండి బుద్ధిగా కుడివైపు తిరిగి గడ్డిలోకి దిగింది. ఆవిడ వెనక్కి లాగి ట్రాక్ ఎక్కించి మళ్ళీ తోశారు. మళ్ళీ గడ్డిలోకే. పాపకి ఇదేదో ఆటలా తోచి కేరింతలు కొడుతోంది. మామయ్యగారు బెంచీ మీద నుంచి లేవనైనా లేవలేదు.

"ఇదేంటమ్మా, మీ బండి పాడైపోయింది!" అన్నారు ఆవిడ రొప్పుతూ.

"లేదండీ," అన్నాను హ్యాండిల్ అందుకుని. "మీకు నడక కుదరడం లేదు."