పన్నెండు మాటలు

ఖానాపురం హవేలిలో తన ఇంటి వరండాలో కూర్చుని, టీ మీద మీగడ కట్టేదాకా హెప్సిబా కోడ్ రాస్తుంది. క్రిప్టో డబ్బు దాచుకునే యాప్‌కు సర్వర్ పని ఆమెది. అందులోని వాలెట్ లైబ్రరీ అనే రెడీమేడ్ కోడ్ ప్రతి ఖాతాకూ తాళంచెవిలాగా పన్నెండు మాటలు పుట్టిస్తుంది; అవి పోతే డబ్బు ఇక ఎవరికీ దక్కదు. వాటిని ఖాతాదారుకు ఒక్కసారి చూపించి, సర్వర్‌లో జాడ లేకుండా చెరిపేసే కోడ్ ఆమే రాసింది. చిన్న కంపెనీ కాబట్టి కస్టమర్ల ఫోన్లూ ఆమెకే వస్తాయి. మాట్లాడినంతసేపూ బొటనవేలితో బల్ల అంచు తుడుస్తూ ఉంటుంది.

ఇవాళ స్పీకర్‌లో బోనకల్ నుంచి ఒకామె. "మా ఆయన పోయి నెలయింది మేడం. ఆ పన్నెండు మాటలు ఏడ రాసిండో దొరకట్లే. మీరన్నా చెప్పుండ్రి."

"మా దగ్గర ఉండవమ్మా. మేం దాచం."

అవతల ఫోన్ కట్టయింది. హెప్సిబా చల్లారిన టీ తాగేసింది. పక్కనే అంతా విన్న తల్లి విశ్రాంతమ్మ ప్రార్థన చేయాల్సినవాళ్ల పేర్లు రాసుకునే నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకుంది.

"ఆమె పేరేంది బిడ్డా?"

హెప్సిబా బొటనవేలు బల్ల అంచు మీద ఆగింది.

"అడగలే."