ఆకాశానికెక్కిన నా గురక

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. నేను ఒక్క తప్పు మాట కూడా అనకుండానే జిల్లా మొత్తాన్ని ఆగం చేశాను. చెబుతాను, నవ్వండి. మా ఆవిడ నవ్వినంత మాత్రం నవ్వకండి.

అవి రేడియోలో మాట్లాడేవాణ్ణి సినిమా హీరోను చూసినట్టు చూసే రోజులు. నేను అనౌన్సర్‌ని. మా ఊరు ఆర్మూరు పసుపు మార్కెట్‌లో నడుస్తుంటే హమాలీలు బస్తా దించి మరీ నమస్తే పెట్టేవారు. దాంతో నా మెడ కిందికి వంగడం మానేసింది.

ఆ రోజు అంకాపూర్‌లో దోస్తు ఇంట్లో దావత్. నాటుకోడి కూర, జొన్నరొట్టె. "ఇంకొక్కటి" అన్నవాళ్ళ మాట ఒక్కసారీ కాదనలేదు. అన్నదాతా సుఖీభవ అన్నారు పెద్దలు. తిన్నవాడి గతేమిటో చెప్పలేదు. మధ్యాహ్నం డ్యూటీకి జిల్లా కేంద్రంలోని రేడియో స్టేషన్ చేరేసరికి కనురెప్పలకు పసుపు బస్తాలు కట్టినట్టుంది. బయట మాడ్చే ఎండ, స్టూడియోలో చల్లని ఏసీ!

రైతుల కార్యక్రమంలో రికార్డు చేసిన ప్రసంగం అయిపోయింది. మైకు తెరిచి, తేనె పూసిన గొంతుతో, "ఇంతవరకు పసుపు ఉడికించే విధానం విన్నారు. ఇప్పుడు..." అన్నాను.

ఆ "ఇప్పుడు" తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. ఊరందరికీ తెలుసు.

అక్కడ ఆర్మూరులో, రేడియోలు బాగుచేసే రాజలింగం దుకాణం ముందు జనం సెట్లు చంకన పెట్టుకుని మూగారట.

"రాజలింగమన్నా, నా డబ్బా గుర్రుమంటుంది, జర సూడే!"

"నాది గూడ గట్లనే. బ్యాటరీలు గూడ కొత్తయే!"

"ఖరాబ్ గాలేదుర బై," అన్నాడట ఏర్గట్ల నుంచి వచ్చిన ముసలి రైతు. "పసుపు ఉడికే సప్పుడు ఇనిపిస్తున్నరు. గీ సప్పుడొస్తె దించాలన్నట్టు!"

రాజలింగం అనుమానంతో తన సెట్టు కూడా విప్పేశాడు. అప్పుడే కూరగాయలతో అటు వచ్చిన మా ఆవిడ పద్మ ఆగింది, చెవి పెట్టింది, సంచి వదిలేసింది.

"ఎవ్వరి డబ్బా ఖరాబ్ గాలేదన్నా! గది మా ఆయన గురక. పెండ్లైన కాన్నుంచి ఇంటున్న, నాకెర్కలేదా?"

పక్కనే ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి స్టేషన్‌కు ఫోన్ కొట్టింది. చాయ్ తాగి అప్పుడే లోపలికొచ్చిన మా డ్యూటీ ఆఫీసర్ ఎత్తాడు.

"సార్, మా ఆయన పండుకున్నడు, జర లేపుండ్రి. ఊకె పిలిస్తె లేవడు. ఆర్మూర్ బస్సు పోతుందని ఒర్లుండ్రి!"

మైకు తెరిచే ఉందన్న సంగతి పాపం ఆయనకు తట్టలేదు. తలుపు తోసుకొచ్చి గొంతు చించుకున్నాడు: "ఆర్మూర్ బస్సు పోతుందీ!"

నేను ఎగిరి లేచాను. మైకునే బస్సు కమ్మీ అనుకుని రెండు చేతులా పట్టుకున్నాను. "ఆపుండ్రి! కండక్టరన్నా, నేనున్న, ఆపు!"

"సంజాయిషీ ఏమిటి?" అన్నాడు ఆఫీసర్, మైకు కట్టేసి.

"నిద్ర పట్టింది సార్."

"అది జిల్లాకంతా తెలుసయ్యా! ఇంకోసారి జరిగితే ఇంటికే."

ఉద్యోగం వెంట్రుకవాసిలో మిగిలింది. సాయంత్రం ముఖానికి దస్తీ అడ్డం పెట్టుకుని బస్సెక్కాను. టికెట్ అడగడానికి నోరు విప్పగానే కండక్టర్ నా గొంతు గుర్తుపట్టేశాడు. తిడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. అతను చెవి దగ్గరికి వంగాడు.

"సార్, మధ్యాహ్నం బస్సు ఎప్పుడూ ఖాళీగ పోతుండె. ఇయ్యాల రేడియోల మీ ఒర్లుడు ఇని, బస్టాండ్ హోటల్ల జనం చాయ్‌లు ఇడిసిపెట్టి ఉరికొచ్చిండ్రు. మస్తు గిరాకి! రేపు గూడ గదే టైముకు జర పండుకోరాదుండ్రి?"

అందుకే పంచభూతాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట నా గురక ఒక్క శ్రోతకే పరిమితం. పాపం, ఆమెకు కట్టేసే మీట లేదు.