ఆ గాజులు నావి కావన్నాను

మిలట్రీ వచ్చి నిజాం రాజ్యం పోయిన ఏడాది, మా బడికి ఉన్న రెండు గదుల్లో ఒకటి క్యాంపు కింద పోయింది. రామన్నపేటకు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది మా ఊరు. మిగిలిన ఒక్క గదిలోనే అన్ని తరగతులూ కుక్కుకుని కూర్చునేవాళ్లం. ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ, గొర్లు కాసే ఇంటి పిల్లా. మేము ఎక్కాలు చదువుతుంటే పక్కగదిలో సిపాయిలు నవ్వుకునేవాళ్లు.

బాపు ఇంట్లో లేడు. దొరల మీద లేచిన సంగంలో తిరిగినవాడని మిలట్రీవాళ్లు ఆయన కోసం ఊరూరా వెతుకుతున్నారు. ఎక్కడున్నాడో అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. "బడికి పోయి రా. ఎవ్వలతోటి ఏం మాట్లాడకు" అని మాత్రం పొద్దున్నే అమ్మ చెప్పి పంపేది.

సంగపోళ్లకు భయపడి పట్నం పారిపోయిన మా ఊరి పోలీసు పటేలు మిలట్రీ వెంట తిరిగొచ్చాడు. ఆయన కొడుక్కి పదహారేళ్లు నిండినా ఇంకా మా బడిలోనే ఉండేవాడు. మొదట్లో చూపులు, సుద్దముక్కలు విసరడాలు. తర్వాత పలక మీద చెప్పరాని బొమ్మలు గీసి నాకు కనపడేటట్టు పట్టుకునేవాడు. మిగతా పోరగాళ్లు కిసుక్కుమనేవాళ్లు. నేను ఓణీ ఇంకాస్త బిగించి కట్టుకున్నాను. తప్పు వాడి కళ్లలో ఉంటే నా ఓణీలో వెతుక్కున్నాను, అంత తెలివి నాది!

ఒక మధ్యాహ్నం బడి వెనక బాయి దగ్గర నీళ్లు తాగుతుంటే వచ్చి ఎడమచెయ్యి పట్టుకుని గుంజాడు. నేను పెనుగులాడాను. గాజులు పగిలి మణికట్టులో దిగాయి. అప్పుడే చెంబు పట్టుకుని గొర్లోళ్ల పిల్ల వచ్చింది, చూసింది, గట్టిగా కేక వేసింది. వాడు చెయ్యి వదిలాడు గానీ పోతూ పోతూ నా చెవిలో అన్నాడు. "మీ బాపు ఏడున్నడో నాకెర్కే. నోరు తెరిస్తే క్యాంపుల చెప్త."

ఆ మాట ఆమెకు వినపడలేదు. ఆమె వంగి, నేల మీది పచ్చగాజు ముక్కలు ఒక్కొక్కటీ ఏరి కొంగున కట్టుకుంది. "పా, పంతులుకు చెప్దాం" అంది. వద్దన్నాను. "ఎందుకొద్దు? నేను చూసిన గదా" అని తనే వెళ్లింది.

మా పంతులు చెడ్డవాడు కాదు. చదువంతా ఉర్దూలో నడిచిన రోజుల్లో సాయంత్రం పూట తన ఇంటి అరుగు మీద మాకు తెలుగు అక్షరాలు దిద్దించిన మనిషి. కానీ ఆ రోజు ఆయన చేసిందేమిటంటే, బడి మొత్తాన్నీ ఆవరణలో వరసగా నిలబెట్టి, అందరి ముందూ విచారణ పెట్టాడు. క్యాంపు గుమ్మంలో ఒక జమేదారు నిలబడి తమాషా చూస్తున్నాడు.

"ఎవలన్న చూసిన్రా?" అన్నాడు పంతులు. ఒక్కడూ కదల్లేదు.

"నేను చూసిన" అని ఆమె ముందుకొచ్చి కొంగు విప్పింది.

పంతులు ఆ ముక్కల వైపు చూసి, నా వైపు తిరిగాడు. "బిడ్డా, ఈ గాజులు నీయేనా?" ఆయన గొంతు వణికింది. ఏ జవాబు కావాలో ఆ గొంతే చెప్పింది. పటేలు కొడుకు ముందు నా వంక చూడలేదు. జమేదారు వంక చూసి, మళ్లీ మెల్లగా నా వంక తిరిగాడు. నా ఎడమచెయ్యి ఓణీ కింద ఉంది. నెత్తురు ఇంకా ఆరలేదు, గుడ్డకు అంటుకుంటోంది. బాపు ముఖం గుర్తొచ్చింది.

"నాయి కావు" అన్నాను.

"ఏమైందే నీకు?" అంది ఆమె, అందరిలోనే.

పంతులు ఆమె చేతుల మీద చింతబరిక విరిగేదాకా కొట్టాడు. పెద్దింటి పిల్లగాని మీద అబద్ధం చెప్పిందని రిజిస్టరులో ఆమె పేరు కొట్టేశాడు. నన్ను పక్కకు పిలిచి, "మంచిగ జెప్పినవ్ బిడ్డా, లొల్లి పెద్దగ కాకపాయె" అని తల నిమిరాడు. ఆ చెయ్యి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నేను చెప్పినా ఇక నమ్మేవాళ్లు లేరని పటేలు కొడుక్కి బాగా అర్థమైంది. మరింత రెచ్చిపోయాడు. నెల తిరక్కముందే అమ్మ నన్ను బడి మాన్పించి జడ్చర్లలో మా మేనమామ ఇంటికి పంపింది. నా చదువు అక్కడ సాగింది. ఆమెది సాగలేదు.

బాపు ఆ తర్వాత వేరే ఊళ్లో దొరికాడు, జైలు చూశాడు, రెండేళ్లకు ఇల్లు చేరాడు. సెలవులకు నేను ఇంటికొచ్చినప్పుడు ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు. "నువ్వు ఈడ బడికి పోయినన్ని దినాలు గుట్ట కింద గొర్లోళ్ల దొడ్డిలనే ఉన్న. గా పిల్లనే, నీతోటి బడికొచ్చిన పిల్ల, దినాం జొన్న గట్క తెచ్చి ఇచ్చేది."

అంటే పటేలు కొడుక్కి ఏమీ తెలియదు, ఉత్తి బెదిరింపు. తెలిసి ఉంటే సిపాయిలు ముందు ఆమె ఇంటి మీదే పడేవాళ్లు. మా బాపును దాచిన ఇంటి పిల్ల, జమేదారు కళ్ల ముందు నిలబడి, నా కోసం కొంగు విప్పింది. బాపు కోసం అబద్ధమాడానని అన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న సాకు ఆ పూటతో పోయింది. అయినా ఆమె దగ్గరికి పోలేదు. సిగ్గు. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

చాలా ఏళ్లకు రామన్నపేట బడికి నన్ను టీచరుగా వేశారు. బడి తెరిచిన వారంలో, పదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఒకామె వచ్చింది. నడక చూసే గుర్తుపట్టాను.

"ఆనాడు నేను..." అని మొదలుపెట్టాను.

"గదంతా తర్వాత. ముందుగాల నా బిడ్డ పేరు రాయి" అంది. రాశాను. "ఇది ఎప్పుడన్న వచ్చి, ఫలానోడు చెయ్యి పట్టిండని చెప్తే నమ్ముతవా?"

"నమ్ముత."

"అందరి ముందట నిలబెట్టి అడుగుతవా?"

"అడగ."

ఆమె బల్ల మీది నా ఎడమచెయ్యి పట్టుకుని, గాజులు పైకి జరిపింది. మణికట్టు మీది ఆనాటి మచ్చను వేలితో తడిమి, కూతుర్ని దగ్గరికి పిలిచింది.

"చూసినవా బిడ్డా? నేను అబద్ధం చెప్పలే."