చప్పిడి తిండి కోసం విజయనగరం

నా భార్య పైడమ్మకు మూత్రపిండాల జబ్బు. ఉప్పు మానితేనే ఒంట్లో నీరు తీస్తుందన్నారు డాక్టరుగారు. మాన్పించి రెండు నెలలైనా కాళ్ల వాపు వీసమెత్తు తగ్గలేదు. అంటే చాటుగా తింటోందన్నమాట! ఊరగాయ జాడీలన్నీ పక్కింటికి పంపేసినా నా అనుమానం తీరలేదు. డాక్టరుగారి ఎదుటే తేల్చుకుందామని పొద్దున్న ఆరింటికి పాతపట్నంలో చిన్న రైలెక్కాం.

నౌపడా చేరేసరికి తొమ్మిదింబావు. రైలు మారాలి. అక్కడ ఉప్పు పండిస్తారు, ఎటు చూసినా ఉప్పు కుప్పలే. ఆవిడ అటే చూస్తోందని లేచి అడ్డంగా కూర్చున్నాను.

"అమ్మికి ఒళ్లు పొంగినట్టున్నాది, ఉప్పు మాన్పించు బాబూ" అన్నాడు పక్కనున్న ముసలాయన. మాన్పించాననే నేననుకుంటున్నానని ఆవిడకు వినబడేలా చెప్పాను. పైడమ్మ మొహం తిప్పేసుకుంది.

విజయనగరంలో దిగేసరికి ఒంటిగంట దాటింది. హోటల్లో ఆవిడకు వట్టి అన్నం, మజ్జిగ చెప్పాను. మజ్జిగ ముందు నేను తాగి చూశాను. ఉప్పు కలిపారు! సర్వరుతో గొడవపడి మార్పించాను.

సాయంత్రం డాక్టరుగారు చూసి, "ఉప్పు ఎక్కణ్ణుంచో లోపలికి వెళ్తోంది. ఇలాగే సాగితే ఇక మనిషి దక్కదు" అన్నారు. నేను పైడమ్మ వైపు చూశాను. ఏడుస్తోంది. దొరికిపోయిందనుకున్నాను.

సత్రంలో పడుకుని మర్నాడు ఎనిమిదింటికి బజారుకెళ్లాం. డాక్టరుగారు కాచి తాగించమన్న బార్లీ అన్ని కిరాణా కొట్లలోనూ ఉండదు, మూడో కొట్లో దొరికింది. డబ్బా ధర వింటే గుండె గుభేలుమంది. విడి బార్లీ చవకే గానీ పురుగు పట్టిందేమోనని చేట అడిగి చెరిగి చూశాను. కొట్టువాడు విసుక్కున్నాడు. సరుకు బాగానే ఉంది. మా వైపు నుంచి వెళ్లేవాళ్లు అదే కొనుక్కోండి.

తర్వాత బేకరీకెళ్లాం. జబ్బు మనిషికి రొట్టె మంచిదని, వచ్చే పోయే వాళ్లచేత రెండు నెలలుగా ఇక్కణ్ణుంచే తెప్పించి పెడుతున్నాను. నేను మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. రోగుల తిండి నాకెందుకు? పిండిలో ఏం కల్తీ చేస్తున్నారోనని, ఏమేం వేస్తారో చెప్పమని పట్టుబట్టాను. పిండి పిసికే ఆయన మైదా, పంచదార, ఈస్టు, ఉప్పు అని చెప్పుకుపోయాడు.

ఉప్పెందుకని అడిగాను.

"ఉప్పెయ్యకపోతే రొట్టి ఎవుడు తింటాడు బాబూ? గట్టిగానే ఏస్తాం."

రొట్టె కొనలేదు. పన్నెండింటి బండిలో ఎదురెదురుగా కూర్చున్నాం. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది నేనే, దొంగని చేసి ఏడిపించిందీ నేనే. బండి చీపురుపల్లి దాటింది. చివరికి, రొట్టె ఉప్పగా ఉందని నీకెప్పుడూ అనిపించలేదా అని అడిగాను.

"అనిపించింది మావ" అంది పైడమ్మ. "సదువుకున్నోడివి, అంత దూరం నుండి తెప్పిస్తన్నావు. నిన్ను అనుమానించాలని నాకు తోచనేదు."