నూలుపోగంత నీళ్ళు

మా ఇంట్లో చలికాలం అక్టోబర్‌లోనే మొదలయ్యేది. బయట ఇంకా ఆకులు రాలుతుండగానే మా ఆయన ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించేవాడు. పెరటి కొళాయికి లోపలి నుంచి నీళ్ళు ఆపేసి, పైపులో మిగిలిన నీళ్ళు వదిలెయ్యాలి. ఇంటికి వేడిగాలి పంపే ఫర్నేస్ ఫిల్టర్ మార్చాలి. కిటికీలకు పల్చటి ప్లాస్టిక్ షీటు అతికించి, హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి బిగించాలి. వీధి తలుపు కింద సందులోంచి గాలి రాకుండా నా పాత నేతచీర ఒకటి చుట్టచుట్టి అడ్డం పెట్టడం మాత్రం నా ఆలోచన. అది బాగానే పనిచేసింది గానీ, దాన్ని కాగితం మీద రాయడానికి ఆయన ఎందుకో ఒప్పుకోలేదు.

కెనడాలోని బ్రాంప్టన్‌లో మేం కొన్న ఆ ఇల్లు మా ఇద్దరికంటే వయసులో పెద్దది. అమెరికాలో తొమ్మిదేళ్ళు అద్దె ఇళ్ళలో ఉండి, గ్రీన్‌కార్డు ఎంతకీ కదలక విసిగి ఇటు వచ్చాం. మా ఆయనకు అది మొదటి సొంతిల్లు. గోడ మీద గీత పడితే తన ఒంటి మీద పడ్డట్టు విలవిల్లాడేవాడు. నాకు అంత లేదు, నా దృష్టిలో ఇల్లంటే పని. కానీ చలి ముదిరితే నాకూ కాలు ఒకచోట నిలిచేది కాదు. గదిగదికీ తిరిగి గోడలకు చెయ్యి ఆనించి చూసేదాన్ని. ఆఫీసు మీటింగ్‌లో ఉండి కూడా ఫోన్లో వాతావరణం చూసుకునేదాన్ని. చూస్తే చలి తగ్గుతుందా అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మా బేస్‌మెంట్ సగం ఫర్నేసుకూ వాషింగ్ మెషీనుకూ పోయేది. మిగతా సగంలో ఒక గది, చిన్న వంటగట్టు, బాత్రూము. ఆ ఏళ్ళలో బ్రాంప్టన్‌లో ఏ బస్సెక్కినా చదువుకోవడానికి వచ్చిన పిల్లలే. కాఫీ షాపులో రెండు ఉద్యోగాలున్నాయంటే మంచులో వీధి మలుపు దాకా వరస. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురేసి, ఏడుగురేసి. హాల్లో పరుపు పరుచుకునే చోటు దొరికినా అదృష్టమే అనుకునేవారు. మా కింది గదిలో ఒక అమ్మాయి ఉండేది, మహబూబ్‌నగర్ వైపు పిల్ల. పగలు కాలేజీ, వారంలో నాలుగు సాయంత్రాలు వేర్‌హౌస్‌లో పని. మా ఇంటికి రాకముందు ఎనిమిది నెలల్లో నాలుగిళ్ళు మారిందట. గదికి తలుపు, తలుపుకు గడియ, మలుపులో కాలేజీకి నేరుగా బస్సు. ఇవన్నీ ఒకేచోట దొరకడం కల్ల అనుకున్నాననీ, చదువయ్యేదాకా ఇక ఎక్కడికీ కదలననీ వచ్చిన రోజే చెప్పింది. నన్ను ఆంటీ అన్నందుకు మొదటి వారం నాకు కాస్త గుర్రుగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

ఇంట్లో అసలు బెంగంతా ఆ కింది వంటగట్టు గురించే. దాని వెనకున్నది బయటి గోడ. కట్టినవాడెవడో గానీ నీళ్ళ పైపును ఆ గోడలోంచే లాక్కుపోయాడు. అంతకుముందు చలికాలం అది ఒక పూట గడ్డకట్టింది. పగలకుండా బయటపడ్డాం. అప్పుడు వచ్చిన ప్లంబర్ ఒక మాట చెప్పి వెళ్ళాడు. చలి మరీ ఎక్కువైన రోజుల్లో ఆ కొళాయి పూర్తిగా కట్టొద్దు, నూలుపోగంత ధార వదిలెయ్యండి, కదిలే నీళ్ళు తొందరగా గడ్డకట్టవు అని. మా ఆయన ఆ మాటను వేదవాక్కులా పట్టుకున్నాడు. కాగితం మీద అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో రాశాడు. కింద అమ్మాయి గదిలోనూ ఒకటి అంటించాడు.

ఆయనకేం, కృష్ణా కాలవ గట్టున పుట్టినవాడు. నీళ్ళు కారుతుంటే జోలపాట విన్నట్టు పడుకుంటాడు. నేను అనంతపురంలో పెరిగాను. మా వీధి కొళాయికి నాలుగు రోజులకోసారి నీళ్ళొచ్చేవి. వచ్చిన గంటలో బిందెలు, బకెట్లు, చివరికి ఇడ్లీ గిన్నెలు కూడా నింపుకునేవాళ్ళం. కొళాయి సరిగా కట్టలేదని మా అమ్మ చేతి దెబ్బలు తిన్నాను. ఇంటి నిండా నీళ్ళున్నా నా చెయ్యి ఇప్పటికీ కొళాయిని అవసరానికి మించి ఒక చుట్టు బిగిస్తుంది.

జనవరిలో ఒక వారం మైనస్ ఇరవై ఎనిమిదికి దిగింది. అమ్మాయి కాగితం మీద రాసినట్టే కొళాయి వదిలింది. నేను ఇంటి నుంచి పనిచేసే రోజులవి. వేడిగాలి వచ్చే గొట్టంలోంచి ఆ ధార చప్పుడు నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చేది. సన్నగా, ఆగకుండా. చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా లోపల ఎక్కడో వినిపిస్తూనే ఉండేది. లేచి నడిచేదాన్ని, కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. ఆ నీళ్ళన్నీ ఊరికే మురుక్కాలవలోకి పోతున్నాయంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇక ఉండబట్టలేక కిందికి పోయి కొళాయి కింద బకెట్ పెట్టాను.

అక్కడి నుంచి నా గతి చెప్పక్కర్లేదు. బకెట్ నిండేది. పారబొయ్యడానికి మనసొప్పదు. మొదటి రోజు ఇల్లంతా తడిగుడ్డ పెట్టాను. రెండో రోజు కర్టెన్లు ఉతికాను. పైన ఉన్న గిన్నెలన్నీ, ప్రెషర్ కుక్కర్‌తో సహా, నీళ్ళతో నిండిపోయాయి. మా ఆయన టీ పెట్టుకోవడానికి గిన్నె దొరక్క, ఈ ఇంట్లో చలి కంటే ముందు నువ్వు నన్ను ముంచేట్టున్నావు అన్నాడు. అమ్మాయికి మాత్రం నా బాధ తెలిసింది. వాళ్ళ ఊళ్ళోనూ ట్యాంకర్ కోసం నిలబడ్డదే కదా. పొద్దున్నే నిండిన బకెట్ తనే మెట్లదాకా తెచ్చి పెట్టేది. మేమిద్దరం మా ఆయన చూడకుండా ఆ నీళ్ళను సర్దుకునేవాళ్ళం.

మూడో రోజు పొద్దున అమ్మాయి కాలేజీకి వెళ్ళాక బట్టలుతకడానికి కిందికి వెళ్ళాను. బకెట్ అంచుల దాకా నిండి ఉంది. కొళాయి కట్టి బకెట్ ఎత్తాను. పైన ఖాళీ చేసి వచ్చి మళ్ళీ తిప్పుదామనే కట్టాను. మెట్లెక్కుతుండగా ఫోన్ మోగింది. మేనేజర్ మీటింగ్‌ను ముందుకు జరిపాడు. బకెట్ పైనే పెట్టేసి పరుగెత్తాను. ఆ తర్వాత చప్పుడు వినిపించలేదు. ఆ రోజు ఎంత హాయిగా పని చేసుకున్నానో, ఎందుకంత హాయిగా ఉందో ఒక్కసారి కూడా అనుకోలేదు.

సాయంత్రం నాలుగున్నరకు అమ్మాయి పైకి వచ్చింది. మేజోళ్ళు చీలమండల దాకా తడిసి ఉన్నాయి. "ఆంటీ, కింద గోడలకెల్లి నీళ్ళొస్తున్నయ్" అంది. మా ఆయన అప్పుడే ఓక్‌విల్ ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. ఒక కాలికి బూటుతోనే కిందికి దూకి మెయిన్ వాల్వ్ కట్టేశాడు. అప్పటికే గోడ ఉబ్బి చీలిపోయింది. పరుపు, మంచం కింద సూట్‌కేసు, అందులో ఊరి నుంచి తెచ్చుకున్న సర్టిఫికెట్లు, అన్నీ నానిపోయాయి. ఆయన వంటగట్టు దగ్గరికి వెళ్ళి కొళాయి చూశాడు. బిగించి కట్టేసి ఉంది.

కొళాయి ఎవరు కట్టారని ఆయన అడిగినప్పుడు అడిగింది ఆ అమ్మాయిని. నా వైపు చూడను కూడా లేదు. పొద్దుటి బకెట్, ఫోను, మెట్లు, అన్నీ నాకు ఆ క్షణాన గుర్తొచ్చాయి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఈలోగా ఆ పిల్లే మాట్లాడింది.

"నేనే బంద్ జేసిన్నేమో అంకుల్. పొద్దుగాల బాక్స్ కడిగిన. నల్లా కారుతుంటే నా చెయ్యి ఊకుండదు."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. నిక్షేపం లాంటి పైపు అన్నాడు ఆయన. అంత పెద్ద అక్షరాలతో రాసి పెడితే చదువుకున్న పిల్లవి ఆ మాత్రం చూసుకోవద్దా అన్నాడు. గొంతు పెంచలేదు. ఈ నెలాఖరుకి వేరే గది చూసుకోమ్మా, ఇంటి మీద శ్రద్ధ లేనివాళ్ళతో మాకు కుదరదు అన్నాడు. ఆ పిల్ల సరే అంకుల్ అని, వంగి బట్టలు పిండడం మొదలుపెట్టింది. నేనూ వంగి పిండాను. ఇద్దరం ఒకే దుప్పటికి చెరో కొసా పట్టుకుని పిండాం.

కింద గోడ ఆరేదాకా అమ్మాయి పైన మా హాల్లో సోఫా మీద పడుకుంది. ఆ మూడు రోజులూ నాకు నరకం. పొద్దున లేచేసరికి దుప్పటి మడత పెట్టి, తను అక్కడ పడుకున్న గుర్తే లేకుండా సర్దేసేది. బాత్రూములోకి వెళ్ళే ముందు నీళ్ళు వాడుకోనా ఆంటీ అని అడిగేది. వచ్చేముందు కొళాయిని రెండుసార్లు తిప్పి చూసేది. సోఫా మూల కూర్చుని ఫోన్లో గదులు వెతికేది. ఏడుగురున్న ఇంట్లో ఒక పరుపు, రెండు బస్సులు మారాలి, అని ఒకసారి తనలో తను చదువుకుంది.

మింగలేక కక్కలేక నేను ఇల్లంతా తిరిగాను. వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి మెట్ల దగ్గరికి. మెట్ల దగ్గరికి వెళ్తే తడిసిన గోడ వాసన వచ్చేది. ఈ మాటు ఆయనకు చెప్పేస్తానని వెళ్ళి, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగి వచ్చేదాన్ని. తమాషా ఏమిటంటే నాకు ఆ పిల్ల మీదే కోపం రావడం మొదలైంది. చెయ్యని తప్పు ఎందుకు నెత్తినేసుకోవాలి? నేను కట్టలేదు అని గట్టిగా అనొచ్చు కదా? అని ఉంటే నేను అప్పుడే చెప్పేసేదాన్ని కదా? శుక్రవారం అన్నం పెడుతూ, ఊరికే క్షమాపణలు చెప్పకు, చికాకు పుడుతోంది అని కసిరాను కూడా. దానికీ సారీ ఆంటీ అంది.

శనివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మా ఆయన మంచి మూడ్‌లో ఉన్నాడు. కొత్త ఇంటికి వెళ్ళగానే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి, ఏ కాగితం అంటించినా చదవాలి అని అమ్మాయికి ఓపిగ్గా బోధిస్తున్నాడు. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని తలూపుతోంది. నాకు అన్నం దిగలేదు.

"ఆ కొళాయి కట్టింది నేను" అన్నాను. "బకెట్ ఎత్తడానికి కట్టాను. మీటింగ్‌లో పడి మర్చిపోయాను. ఈ పిల్ల కాదు."

మా ఆయన నా వైపు చూశాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన దగ్గర నేను అంతగా భయపడింది లేదు. ఆయన నవ్వాడు. కంచం ముందు కూర్చుని, భుజాలు కదిలేలా నవ్వాడు. నీ బకెట్లు తగలెయ్య, అనంతపురం వాళ్ళకి నీళ్ళున్న దేశంలో వీసా ఇవ్వకూడదు అన్నాడు. పోనీలే, ఆ పైపు ఎలాగూ పాతదే, ఇవాళ కాకపోతే రేపైనా పగిలేదే అన్నాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, చూశావా మీ ఆంటీ పని, నువ్వింక గదులు వెతక్కు, ఇక్కడే ఉండు అన్నాడు. పెరుగు గిన్నె ఆమె వైపు జరిపాడు.

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. చిన్నప్పటి నుంచి విన్న సామెతే గానీ, అది అత్త వైపు నుంచి ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. నిజం చెప్పాలి, ముందు నాకు హాయిగానే అనిపించింది. గండం గడిచిందనుకున్నాను. ఆమె ఉంటుంది, నేను తప్పు ఒప్పుకున్నాను, అంతా సర్దుకుందనుకుని రెండోసారి అన్నం పెట్టుకున్నాను.

భోజనమయ్యాక కిందికి వెళ్తే ఆమె సంచి సర్దుతోంది. ఎండిన సర్టిఫికెట్లను ఒక్కొక్కటే ప్లాస్టిక్ కవర్లో పెడుతోంది. ఉండమన్నారు కదే అన్నాను. ముందే చెప్పనందుకు నా మీద కోపం ఉంటే తిట్టు, కానీ వెళ్ళకు అన్నాను. ఆమె చేతిలోని పని ఆపి నాతో మెల్లగా, కోపం లేకుండానే మాట్లాడింది.

"మీరు చెప్పనందుకు కాదాంటీ. భయముంటది, నాకెర్కే. నేను జేసిన్ననుకున్నప్పుడు అంకుల్ నన్ను పొమ్మన్నడు. మీరు జేసిన్రని తెలువంగనే నవ్విండు. రేపు నిజంగనే నా చెయ్యి ఏదన్న పలగ్గొడితే? ఈ ఇంట్ల ఎట్లుండాల్నాంటీ నేను?"

సంచి జిప్పు పట్టకపోతే మోకాలితో నొక్కి పట్టుకున్నాను, ఆమె లాగింది.

ఆదివారం పొద్దున ఆమె క్లాస్‌మేట్ కారు తెచ్చాడు. మా ఆయన చెడ్డవాడేం కాదు. జారిపడకుండా మంచు పట్టిన మెట్ల మీద ఉప్పు చల్లాడు. బరువైన సూట్‌కేసు తనే మోసుకెళ్ళి డిక్కీలో పెట్టాడు. ఏ అవసరమొచ్చినా ఫోన్ చెయ్యమ్మా అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి లోపలికి వచ్చి, ఉండమన్నాను కదా, మరి ఎందుకు వెళ్ళిపోయింది అని నన్ను అడిగాడు.

ఆమె అన్న మాట అన్నట్టు చెప్పాను.

"అయితే ఇప్పుడు నీ మీద కోపం తెచ్చుకోమంటావా?" అన్నాడు.

"అవును" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూస్తూ నిజంగానే ప్రయత్నించాడు. రాలేదు.